బీపీ మాత్రల్లో ఏది ఎవరికి పడుతుంది: మందు ఎంపికకు ముందు తెలుసుకోవలసినవి

ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ బీపీ ఉందని తేలుతుంది. ఇద్దరికీ ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా. మాత్రతోనే వైద్యం మొదలవుతుంది. నెల తిరిగేసరికి అన్నకు పై అంకె 160 నుంచి 132కు దిగుతుంది. తమ్ముడికి 150 దగ్గరే ఆగిపోతుంది. పైగా సాయంత్రానికి చీలమండలు వాచి, చెప్పుల పట్టీ గుర్తు చర్మం మీద లోతుగా పడుతుంది. అనంతపురంలో మందుల దుకాణం నడిపే నన్ను "మా అన్నకు పడిన మాత్ర నాకెందుకు పడలేదు సార్?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. జవాబు వినేదాకా ఆగనివాళ్ళు పక్కింటివాళ్ళు వాడే మాత్ర పేరును చీటీ మీద రాయించుకొని వచ్చి అదే ఇమ్మంటారు. మందు మార్చవలసిన అవసరం చాలామందికి నిజంగానే వస్తుంది. అయితే దేని నుంచి దేనికి మారాలన్నది రోగి వయసు, కిడ్నీలు, షుగరు, నాడి వేగం, అతడు వాడే ఇతర మందులు చూసి తేల్చవలసిన విషయం. ఆ నిర్ణయం డాక్టరుదే. ఆయన ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో రోగికీ ఇంటివాళ్ళకూ తెలిస్తే ఎంపిక త్వరగా కుదురుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

తేడా ఎక్కడ మొదలవుతుంది

డ్రిప్పు పైపులో ఒత్తిడి పెరిగిందంటే రైతు మూడు చోట్ల చూస్తాడు: మోటారు జోరుగా తోస్తున్నదా, నీళ్ళు ఎక్కువగా వస్తున్నాయా, పైపు సన్నబడిందా అని. రక్తపోటు కూడా గుండె కొట్టుకునే జోరు, ఒంట్లో నిలిచిన ఉప్పునీళ్ళ మోతాదు, సన్నని రక్తనాళాల బిగువు అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది. కొలత ఇద్దరిలోనూ 160 చూపించినా, ఒకరిలో నాళాలు బిగుసుకోవడం ప్రధాన కారణమైతే మరొకరిలో కిడ్నీలు ఉప్పును వదలకపోవడం ప్రధాన కారణం కావచ్చు.

ఈ తేడాను నడిపించే వాటిలో ముఖ్యమైనది కిడ్నీలు విడుదల చేసే రెనిన్ అనే పదార్థం. రెనిన్ వల్ల ఆంజియోటెన్సిన్ తయారవుతుంది. అది నాళాలను బిగిస్తుంది, ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరోన్ అనే హార్మోనును కూడా పెంచుతుంది. వయసులో ఉన్నవారిలో రెనిన్ సాధారణంగా చురుకుగా ఉంటుంది కనుక, ఆ గొలుసును తెంచే మందులు, అంటే పేరు చివర "ప్రిల్" ఉండే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి, "సార్టాన్" ఉండే టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటివి, వారికి బాగా పనిచేస్తాయి. వయసు మీద పడినకొద్దీ రెనిన్ తగ్గి, ఉప్పుకు ఒళ్ళు స్పందించడం ఎక్కువవుతుంది. అలాంటివారికి నాళాలను నేరుగా వదులు చేసే ఆమ్లోడిపిన్ వంటి మందులు, ఉప్పును మూత్రంలో పంపే నీరు తీసే మాత్రలు ఎక్కువ ఉపయోగపడతాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 55 ఏళ్ళ లోపు వారికి ప్రిల్ లేదా సార్టాన్‌తో, ఆ పైబడినవారికి ఆమ్లోడిపిన్ వర్గంతో మొదలుపెట్టమనడానికి, షుగరు ఉన్నవారికి మాత్రం ఏ వయసులోనైనా ప్రిల్ లేదా సార్టాన్‌నే ముందు పెట్టడానికి ఈ అవగాహనే పునాది. 55 అనేది గీత గీసినట్టు పనిచేయదు. డెబ్బై ఏళ్ళ వారిలోనూ టెల్మిసార్టాన్‌కు చక్కగా లొంగే బీపీ ఉంటుంది.

మనిషికీ మనిషికీ మధ్య ఈ తేడా నిజమా, లేక కొలతల్లో వచ్చే ఎగుడుదిగుళ్ళేనా అన్న సందేహాన్ని స్వీడన్‌లోని ఉప్సలా పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనం చాలావరకు తీర్చింది. 280 మందిలో ఒక్కొక్కరికీ నాలుగు రకాల మందులను వంతులవారీగా, కొన్నింటిని మళ్ళీ మళ్ళీ ఇచ్చి చూశారు. అందరికీ ఒకే మందు ఇవ్వడం కంటే ఎవరికి సరిపోయేది వారికి ఇస్తే పై అంకె సగటున మరో 4.4 మిల్లీమీటర్లు తగ్గే అవకాశం ఉందని తేలింది. నా దృష్టిలో అంతకంటే విలువైన సంగతి మరొకటి ఉంది. ప్రిల్ బదులు సార్టాన్ ఇచ్చినా, ఆమ్లోడిపిన్ బదులు నీరు తీసే మాత్ర ఇచ్చినా మనిషిని బట్టి ఎంచుకోవడం వల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. ప్రిల్-సార్టాన్ జట్టు నుంచి ఆమ్లోడిపిన్-నీరు తీసే మాత్రల జట్టుకు, లేదా అటునుంచి ఇటు మారినప్పుడే తేడా తెలిసింది. కాబట్టి టెల్మిసార్టాన్‌కు బీపీ దిగలేదని ఓల్మెసార్టాన్‌కు మారడం, మళ్ళీ లోసార్టాన్‌కు రావడం వల్ల కాలం గడుస్తుందే తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. మారవలసి వస్తే జట్టు మారాలి, లేదా రెండో జట్టులోనిది ఒకటి కలవాలి.

ఇక జన్యువుల మాట. గుండె జోరును తగ్గించే మెటోప్రోలాల్ అనే మందును కాలేయంలో విరిచే ఎంజైము కొందరికి పుట్టుకతోనే మందకొడిగా ఉంటుంది. అదే మోతాదు వారి రక్తంలో ఎక్కువగా నిలిచి నాడిని మరీ నెమ్మదింపజేయవచ్చు. లోసార్టాన్ ఇందుకు తలకిందులు: కాలేయం దానిని మార్చాకే ఎక్కువ బలం పుంజుకుంటుంది కనుక, ఆ మార్పు సరిగా జరగనివారిలో ఫలితం తగ్గవచ్చు. ఇందుకోసం ఖరీదైన జన్యు పరీక్షలకు పరుగెత్తనవసరం లేదు. నాడి లెక్క, ఇంట్లో తీసిన బీపీ అంకెలు డాక్టరుకు కావలసినంత చెబుతాయి.

నాలుగు రకాల మంచిచెడ్డలు

ఆమ్లోడిపిన్‌తో మొదలుపెడతాను. దీనికి రక్తపరీక్షల అవసరం దాదాపుగా లేదు. ఒక పూట మరిచిపోయినా ఒంట్లో నెమ్మదిగా తగ్గుతుంది కనుక బీపీ ఒక్కసారిగా ఎగబాకదు. ఉప్పు ఎక్కువ తినేవారిలోనూ చాలావరకు పట్టు నిలుపుకుంటుంది. దీని ప్రధానమైన ఇబ్బంది కాళ్ళ వాపు. ఈ వాపు మోతాదుతో పాటు పెరుగుతుంది, 5 మి.గ్రా.తో లేనిది 10 మి.గ్రా.తో రావచ్చు, ఆడవారిలో మరికొంత ఎక్కువ. వేలితో నొక్కితే గుంట పడుతుంది, రాత్రి పడుకొని లేస్తే తగ్గుతుంది, సాయంత్రానికి మళ్ళీ వస్తుంది. ఒంట్లో నీరు పెరగడం దీనికి కారణం కాదు. రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలు వదులై, తీసుకుపోయే సిరలు అంతగా వదులవకపోవడంతో మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు కణజాలంలోకి ఊరుతుంది. అందుకే ఈ వాపుకు నీరు తీసే మాత్ర వేసినా పెద్దగా ఫలితం ఉండదు. మోతాదు తగ్గించి సిరలను కూడా వదులు చేసే టెల్మిసార్టాన్ వంటిది కలిపితే వాపు చాలామందిలో తగ్గుతుంది. అదే వర్గానికి చెందిన సిల్నిడిపిన్‌కు మార్చడం మరో దారి. దానితో వాపు తక్కువే, అయితే గుండెపోటు, పక్షవాతాలను ఆపడంలో ఆమ్లోడిపిన్‌కు ఉన్నంత దీర్ఘకాలపు రుజువు దానికి లేదు. వాపుతో పాటు ఆయాసం, మూత్రంలో నురగ, ముఖం ఉబ్బడం ఉంటే మాత్రం మాత్ర మీద నెపం వేసి ఊరుకోకుండా గుండె, కిడ్నీల పరీక్షలు చేయించాలి.

ప్రిల్ మందులు గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తాయనడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి. కొందరిని వేధించేది పొడి దగ్గు. కఫం రాదు, గొంతులో గిలిగింత పెట్టినట్టు ఉండి పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. నెలల తరబడి దగ్గు సిరప్పులు కొనేవారి చీటీ అడిగి చూస్తే అందులో రామిప్రిల్ కనబడిన సందర్భాలు నాకు కొత్త కాదు. సార్టాన్‌కు మారితే దగ్గు పోతుంది. తగ్గడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. పెదవులు, నాలుక ఉబ్బితే అది వేరే సంగతి: మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఆ వర్గం మందును మళ్ళీ ఎన్నడూ వాడకూడదు.

షుగరుతో పాటు మూత్రంలో ప్రోటీను పోతున్నవారికి ప్రిల్ లేదా సార్టాన్ ఈ రెంటిలో ఒకటి తప్పనిసరి ఎంపిక అని చెప్పవచ్చు. రెండూ కలిపి వాడకూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ కలిపి పరీక్షించిన ఆన్‌టార్గెట్ అధ్యయనం 2008లోనే అదనపు మేలు లేదని, హాని మాత్రం పెరిగిందని చూపించింది. ఇవి మొదలుపెట్టిన కొద్ది వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారు "సోడియం తక్కువ" అని అమ్మే పొటాషియం కలిపిన ఉప్పుకు, లెక్కలేకుండా తాగే కొబ్బరినీళ్ళకు దూరంగా ఉండాలి. గర్భిణులకూ, గర్భం కోసం చూస్తున్నవారికీ ఈ రెండు రకాలూ పనికిరావు, కడుపులో బిడ్డకు హాని జరుగుతుంది. వారికి లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటివి ఇస్తారు. కొత్తగా పెళ్ళయిన అమ్మాయికి బీపీ ఉంటే ఈ విషయాన్ని డాక్టరు అడిగేదాకా ఆగకుండా ఇంటివాళ్ళే ముందుగా చెప్పాలి.

నీరు తీసే మాత్రల్లో బీపీకి వాడేవి ముఖ్యంగా హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్థాలిడోన్, ఇండపమైడ్. వయసు మళ్ళినవారికి, ఉప్పుకు బీపీ పెరిగేవారికి ఇవి చవకైన, గట్టి మందులు. మన సీమలో వీటి విషయంలో ఎండను తప్పక లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో కర్నూలు, అనంతపురం, కడపల్లో 42 డిగ్రీలు దాటిన ఎండకు ఉపాధి హామీ పనికి వెళ్ళేవారు చెమటతోనే బోలెడంత ఉప్పునీళ్ళు పోగొట్టుకుంటారు; దానికి ఈ మాత్ర తోడైతే లేచి నిలబడగానే కళ్ళు తిరగడం, నీరసం, పిక్కలు పట్టేయడం మొదలవుతాయి. వయసు పైబడిన ఆడవారిలో సోడియం పడిపోయి మాట తడబడటం, మగతగా ఉండటం కూడా జరుగుతుంది. ఎండాకాలంలో బీపీ సహజంగానే కొంత దిగుతుంది కనుక మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకసారి డాక్టరుకు చూపించి మోతాదు సరిచేయించుకోవడం మంచిది. యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలి కీలు వాచే గౌట్ జబ్బు ఉన్నవారికి ఇవి పడవు. అలాంటివారికి యూరిక్ యాసిడ్‌ను కొంత తగ్గించే గుణమున్న లోసార్టాన్ నయం.

అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండెపోటు వచ్చినవారికి, ఛాతీనొప్పి, గుండెదడ ఉన్నవారికి అవసరమైన మందులు. ఆ కారణాలేవీ లేకుండా బీపీ ఒక్కదానికే మొదటి మందుగా నేను వీటి పక్షం వహించను. 2002లో వచ్చిన లైఫ్ అధ్యయనంలో బీపీ దాదాపు సమానంగా తగ్గినా, అటెనోలాల్ వాడినవారికంటే లోసార్టాన్ వాడినవారిలో పక్షవాతం తక్కువగా వచ్చింది. ఉబ్బసం ఉన్నవారికి ఇవి ప్రమాదకరం. వీటిని హఠాత్తుగా ఆపితే బీపీ, నాడి ఎగసిపడతాయి కనుక ఊరికి పోతూ చీటీ మరిచిపోయామని వారం రోజులు మానేయడం తగదు.

మందు పనిచేయలేదని తేల్చే ముందు

పనిచేయలేదని నా దగ్గరకు తెచ్చిన చీటీల్లో ఎక్కువసార్లు తప్పు మాత్రది కాదు. మోకాళ్ళ నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కిడ్నీల్లో ఉప్పును నిలిపి బీపీని పెంచుతాయి. ప్రిల్, సార్టాన్, నీరు తీసే మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్ మీద వీటి ప్రభావం తక్కువ. ఒకే బీపీ మాత్ర వాడే ఇద్దరిలో ఒకరికి దిగి మరొకరికి దిగకపోవడానికి ఈ ఒక్క కారణం చాలు. సార్టాన్, నీరు తీసే మాత్ర, నొప్పి మాత్ర మూడూ ఒకేసారి పడితే కిడ్నీలే దెబ్బతినవచ్చు. అందులోనూ వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు, ఎండదెబ్బ తగిలినప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. బీపీ మాత్ర రాసిన డాక్టరుకు నొప్పి మాత్ర సంగతి తెలియదు. నొప్పికి సూది వేసే ఊళ్ళోని ఆర్‌ఎంపీకి బీపీ మాత్ర సంగతి తెలియదు. ఆ సూదిలో స్టెరాయిడ్ ఉంటే బీపీ, షుగరు రెండూ లేస్తాయి. దగ్గుకని రోజూ చప్పరించే అతిమధురం కూడా పొటాషియం తగ్గించి బీపీ పెంచగలదు. నొప్పికి అప్పుడప్పుడు పారాసిటమాల్, మోకాలికి పూత మందు వాడటం ఇంతకంటే క్షేమం.

ఉప్పు గురించి అందరూ చెబుతారు కనుక ఒక్క మాటతో ముగిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు చాలంటుంది. సంగటిలోకి ఊరిబిండి, అన్నంలోకి ఊరగాయ, పొద్దున ఉగ్గాని మీదకు బజ్జీ, మధ్యాహ్నం ఉప్పేసిన మజ్జిగ కలిస్తే ఆ చెంచా ఎప్పుడో దాటిపోతుంది. అలా తినేవారిలో ముందుగా బలం తగ్గేది ఒంటరిగా వాడే ప్రిల్, సార్టాన్ మాత్రలకే.

మాత్రను దాచే తీరు కూడా చూడాలి. టెల్మిసార్టాన్ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా మాత్రలన్నీ రేకు నుంచి విప్పి ప్లాస్టిక్ డబ్బాలో పోసుకుంటే అవి మెత్తబడి పొడిపొడిగా రాలడం నేను చూశాను. ఈ మాత్రను వేసుకునే సమయానికే రేకు నుంచి తీయాలి. రేకు మీది పేరు చివర అక్షరాలనూ చదవండి: "ఏఎం" అంటే అందులో ఆమ్లోడిపిన్ కలిసి ఉందని, "హెచ్" అంటే హైడ్రోక్లోరోథయజైడ్ ఉందని సాధారణంగా అర్థం. "ఏఎం" ఉన్న మాత్ర ఒక డాక్టరు రాయగా, విడిగా ఆమ్లోడిపిన్ మరొకరు రాయగా, రెండూ వేసుకొని కాళ్ళు వాచి వచ్చేవారు ఉన్నారు. కంపెనీ పేరు మారినంత మాత్రాన మందు మారదు. లోపలి మందు, మోతాదు ఒకటే అయితే ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చేదైనా, జన ఔషధి కేంద్రంలో చవకగా కొన్నదైనా వాడుకోవచ్చు.

అసలు దిగిందా లేదా అన్నది సరిగ్గా కొలిస్తేనే తెలుస్తుంది. మెట్లెక్కి వచ్చి, టీ తాగి, చొక్కా చేతి మీద పట్టీ చుట్టి తీసిన ఒక్క అంకెను నమ్మి మందు మార్చకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చొని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున వారం రోజులు తీసి, మొదటి రోజు అంకెలు వదిలేసి మిగిలినవాటి సగటు చూడాలి. ఇంట్లో తీసిన సగటు 135/85 లోపు ఉంటే చాలామందికి అది మంచి అదుపే. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఎంతవరకు దించాలన్నది డాక్టరును అడగాలి. కొత్త మాత్ర పూర్తి బలం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అన్న చర్చకు బ్రిటన్‌లో ఇరవై వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో జవాబిచ్చింది: గుండెపోటు, పక్షవాతాల విషయంలో తేడా లేదు. రోజూ మరిచిపోకుండా గుర్తుండే పూటే మంచి పూట. నీరు తీసే మాత్ర మాత్రం పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు.

మోతాదు పెంచడమా, రెండోది కలపడమా

ఇక్కడ నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. ఒక మాత్ర మోతాదును రెట్టింపు చేస్తే బీపీ తగ్గేది కొంచెమే, ఇబ్బందులు మాత్రం చాలా మందుల్లో బాగా పెరుగుతాయి. 42 పరిశోధనలను కలిపి 2009లో చేసిన విశ్లేషణలో, మోతాదు రెట్టింపు చేయడం కంటే వేరే వర్గం మందు కలపడం వల్ల దాదాపు ఐదు రెట్లు ఎక్కువ ఫలితం వచ్చిందని తేలింది. ఆమ్లోడిపిన్ 10 మి.గ్రా. కంటే ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. కలిసిన ఒకే మాత్ర చాలామందికి సుఖం.

మన దేశంలోనే జరిగిన టాప్‌స్పిన్ అధ్యయనం ఈ మాటకు బలం ఇస్తుంది. 35 ఆసుపత్రుల్లో 1,981 మందికి ఆమ్లోడిపిన్-పెరిండోప్రిల్, పెరిండోప్రిల్-ఇండపమైడ్, ఆమ్లోడిపిన్-ఇండపమైడ్ అనే మూడు జంటల్లో ఏదో ఒకటి ఒకే మాత్రగా ఇచ్చి చూస్తే, ఆరు నెలలకు మూడు జంటలూ సమానంగానే పనిచేశాయి. 24 గంటల సగటు పై అంకె దాదాపు 14 మిల్లీమీటర్లు తగ్గింది, దాదాపు 70 శాతం మందికి బీపీ 140/90 లోపుకు వచ్చింది. ఒంటరి మాత్రతో కొట్టొచ్చినట్టు కనబడే మనిషి-మనిషి తేడా, జంట మాత్రతో చాలావరకు సర్దుకుంటుందని దీన్నిబట్టి నాకు అనిపిస్తుంది. అప్పుడు ఎంపిక ఇబ్బందుల లెక్కకు వస్తుంది: కాళ్ళు వాచేవారికి పెరిండోప్రిల్-ఇండపమైడ్ వంటి జంట, ఎండలో పనిచేసేవారికి, గౌట్ ఉన్నవారికి నీరు తీసే మాత్ర లేని జంట, షుగరు ఉన్నవారికి ప్రిల్ గానీ సార్టాన్ గానీ తప్పక ఉండే జంట. బీపీ కొద్దిగానే పెరిగినవారికి, బాగా ముసలివారికి, బలహీనంగా ఉండి లేచినప్పుడు కళ్ళు తిరిగేవారికి మాత్రం ఒక్క మాత్రతో తక్కువ మోతాదులో మొదలుపెట్టడమే మేలు.

మూడు మాత్రలకూ లొంగనప్పుడు

సార్టాన్ లేదా ప్రిల్, ఆమ్లోడిపిన్, నీరు తీసే మాత్ర మూడూ తగిన మోతాదులో క్రమం తప్పకుండా వాడుతున్నా 140/90 కిందికి రాకపోతే ఊళ్ళో చీటీలు మార్చుకుంటూ తిరగకుండా కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల వంటి చోటికో, కడప రిమ్స్‌కో వెళ్ళి కారణం వెతికించాలి. ఆల్డోస్టిరోన్ అతిగా ఊరడం, కిడ్నీ నాళం సన్నబడటం, కిడ్నీ జబ్బు, థైరాయిడ్, రాత్రి గురకతో ఊపిరి ఆగి ఆగి రావడం వంటివి దొరికితే వైద్యమే మారిపోతుంది. ఏ కారణమూ దొరకనివారికి నాలుగో మందుగా, ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ సాధారణంగా అన్నిటికంటే బాగా పనిచేస్తుందని 2015లో పాత్‌వే-2 అధ్యయనం చూపించింది. బైసోప్రోలాల్, డాక్సజోసిన్ రెండూ దాని వెనకే నిలిచాయి. స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టాక పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మొదటి వారాల్లోనే చేయించి, తర్వాత కూడా అప్పుడప్పుడు చూపించుకోవాలి. సార్టాన్‌తో కలిసి వాడేవారికి ఇది మరీ ముఖ్యం. మగవారిలో కొందరికి రొమ్ము దగ్గర గడ్డలా వచ్చి నొప్పి పుడుతుంది. సిగ్గుపడి మాత్ర మానేయకుండా డాక్టరుకు చెబితే ఆ ఇబ్బంది తక్కువగా ఉండే ఎప్లెరెనోన్‌కు మారుస్తారు.